ఆర్మా 3లో గోదావరి డెల్టా: మ్యాప్ తయారీ డైరీ

సంక్రాంతి వెళ్ళాక

ఆర్మా 3 ఆటకి గోదావరి డెల్టా మ్యాప్ ఒకటి తయారు చేస్తున్నాను. పడమట గోదావరి పాయ వశిష్ఠ, దక్షిణాన సముద్రం, మధ్యలో వరిచేలు, కొబ్బరితోటలు, ఏటిగట్టు, గట్టుకి అవతల రెండు లంకలు. ఆడేవాళ్ళు ఎటు నుంచి ఎటైనా వెళ్ళొచ్చు, గీత గీసిన దారంటూ ఉండదు.

ఈ ఆట తెలియనివాళ్ళ కోసం కొంచెం చెప్తాను. చెక్ దేశానికి చెందిన బొహీమియా ఇంటరాక్టివ్ 2013 సెప్టెంబరులో దీన్ని విడుదల చేసింది. ఇందులో పెద్ద మ్యాప్ ఆల్టిస్, 270 చదరపు కిలోమీటర్లు. గ్రీసు దేశపు లెమ్నోస్ దీవిని చూసి చేశారు. మిగతా షూటింగ్ ఆటల్లోలాగా ఇక్కడ పరిగెత్తుకుంటూ పేలిస్తే నిమిషం కూడా బతకం. ముందు నేలని చదవాలి. ఎత్తు ఎవరి చేతిలో ఉంది, మన చాటు ఎక్కడిదాకా ఉంది, అది అయిపోయాక ఎంత దూరం బయటపడి పరిగెత్తాలి, ఆటంతా ఇదే. మ్యాపులు చేసుకోడానికి కావాల్సిన టూల్స్ కూడా కంపెనీ వాళ్ళే స్టీమ్‌లో ఉచితంగా పెట్టారు.

ఆల్టిస్‌లో నేల చదవడమంటే కొండల్ని చదవడమే. మన డెల్టాలో కొండ లేదు. అందుకే ఈ ప్రాంతం ఆటకి పనికిరాదని స్నేహితులు అంటుంటారు. నేను ఒప్పుకోను. మన దగ్గర ఎత్తుపల్లాలు లేకపోలేదు, అవి అడుగుల్లో ఉంటాయి. చేనుగట్టు ఒక అడుగు, రోడ్డు మూడు నాలుగు అడుగులు, కాలువగట్టు ఇంకొంచెం, ఏటిగట్టు అన్నిటికన్నా ఎత్తు. బోర్లా పడుకున్న సైనికుడికి అడుగు ఎత్తు గట్టు చాలు, ప్రాణం నిలబడుతుంది. ఆ అడుగుల్ని సరిగ్గా మ్యాపులోకి తేవడమే ఈ ప్రాజెక్టు పని.

లెక్కలు ముందే తేల్చుకోవాలి. ఆర్మా నేలని ఒక వలలాగా చూస్తుంది. ఒక్కో గడి మూల దగ్గర ఒక ఎత్తు ఉంటుంది. ఆల్టిస్‌లో గడి వెడల్పు ఏడున్నర మీటర్లు, కొండకి అది సరిపోతుంది. ఏటిగట్టు మీది బాటే అయిదు మీటర్లుంటే, ఏడున్నర మీటర్ల గడిలో ఆ గట్టు కనిపించకుండా పోతుంది. అందుకని 4096 బై 4096 వల, గడి రెండున్నర మీటర్లు పెట్టుకున్నాను. అంటే ఒక్కో వైపు 10.24 కిలోమీటర్లు, సుమారు 105 చదరపు కిలోమీటర్లు. ఇంకా పెద్దది చేయాలని ఎవరికుండదు? కానీ గడి పెంచితే గట్టు పోతుంది, గట్టు పోతే మ్యాపే లేదు.

భీష్మ ఏకాదశి, అంతర్వేది తీర్థం రోజులు

ఊళ్ళకి అసలు పేర్లు పెట్టకూడదని నిర్ణయించుకున్నాను. ఆకారం వశిష్ఠ సంగమానిదే, సఖినేటిపల్లి, అంతర్వేది వైపు తిరిగినవాళ్ళు చూడగానే గుర్తుపడతారు. కానీ ఏ ఇల్లూ ఫలానావాళ్ళదని తెలియకూడదు. 2012 సెప్టెంబరులో బొహీమియా ఉద్యోగులిద్దరు లెమ్నోస్‌లో సైనిక స్థావరాల ఫొటోలు తీశారన్న ఆరోపణ మీద అరెస్టయ్యారు. 2013 జనవరి దాకా జైల్లోనే ఉన్నారు. ఆ తర్వాతే ఆటలో దీవి పేరు ఆల్టిస్‌గా మారింది. అది గుర్తుపెట్టుకుని గ్యాస్ బావులు, టెర్మినళ్ళు, లైట్‌హౌసు, ఇలాంటివేవీ నేను ఫొటో తీయడం లేదు, మ్యాపులో పెట్టడం లేదు. గట్లు, తోటలు, పెంకుటిళ్ళు ఉంటే చాలు.

నేల ఎత్తుల డేటాకి మొదట అందరూ వెళ్ళేది ఎస్ఆర్‌టీఎం దగ్గరికే. 2000 ఫిబ్రవరిలో ఎండీవర్ షటిల్ నుంచి రాడార్‌తో కొలిచిన డేటా అది, 30 మీటర్లకి ఒక పాయింటు. దాన్ని మ్యాపులు చూసే సాఫ్ట్‌వేర్ క్యూజీఐఎస్‌లో తెరిచి మన ప్రాంతం చూడండి, ఆశ్చర్యంగా ఉంటుంది. కోనసీమ నిండా గుట్టలు! రాడార్ కిరణం పూర్తిగా నేల దాకా దిగదు, చాలావరకు కొబ్బరాకుల దగ్గరే ఆగి వెనక్కి వెళ్ళిపోతుంది. తోట ఉన్న చోటల్లా నేల లేచినట్టు, వరిచేను ఉన్న చోటల్లా కుంగినట్టు కనిపిస్తుంది. పైగా ఎత్తులన్నీ పూర్తి మీటర్లలోనే ఉంటాయి. నేలంతా రెండు మూడు మీటర్ల తేడాలో ఉన్న మనకి అది మెట్లు మెట్లుగా తయారవుతుంది.

ఇంతకన్నా మంచిది ఫాబ్‌డెమ్. యూరప్ వాళ్ళ కోపర్నికస్ 30 మీటర్ల ఎత్తుల డేటా తీసుకుని, చెట్ల ఎత్తూ ఇళ్ళ ఎత్తూ తీసేసి బ్రిస్టల్ విశ్వవిద్యాలయం వాళ్ళు తయారు చేశారు. వ్యాపారానికి వాడకూడదన్న షరతుంది, నా మ్యాప్ ఎలాగూ ఉచితమే. అయితే అందులోనూ గట్లు ఉండవు. 30 మీటర్లకి ఒక పాయింటు ఉంటే గట్టు ఎక్కడ దొరుకుతుంది? కాబట్టి కింది నేలకి మాత్రం దాన్ని వాడుకుని, దాని మీద మనిషి కట్టినవన్నీ చేత్తో గీస్తున్నాను. ఏటిగట్టు ఒక గీత, కాలువగట్టు ఒక గీత, రోడ్డు ఒక గీత. ఒక్కో గీతకి పైవెడల్పు, ఎత్తు, వాలు ఇస్తే పైథాన్‌లో రాసిన చిన్న ప్రోగ్రామ్ (స్క్రిప్టు) వాటిని నేల మీద కలిపి ఒక ఎత్తుల ఫైలు (ఏఎస్‌సీ) ఇస్తుంది. ఆర్మా టూల్స్‌లో మ్యాపు కట్టే ప్రోగ్రామ్ టెర్రైన్ బిల్డర్ దాన్ని నేరుగా తీసుకుంటుంది.

ఆటలో ఏటిగట్టుని చేలకన్నా అయిదు మీటర్ల ఎత్తు పెట్టాను. పైన రెండు గడులు, ఒక్కో వాలుకి నాలుగేసి గడులు. కడుతున్న మ్యాపుని 3డీలో చూపించే బుల్డోజర్ వ్యూయర్‌లో మొదటిసారి ఆ గట్టు మీద నిలబడి ఇటు చేల వైపు, అటు లంక వైపు చూశాను. చిన్నప్పటి నుంచీ సైకిల్ తొక్కిన గట్టు ఇది. చాలా సంతోషం వేసింది.

శివరాత్రి దాటాక

ఇప్పుడు అసలు చిక్కు, నీళ్ళు.

ఆర్మా 3 ఇంజిన్‌లో సముద్ర మట్టం సున్నా. మ్యాపులో ఎక్కడ నేల సున్నా కన్నా కిందికి దిగినా అక్కడ సముద్రపు నీళ్ళు వచ్చేస్తాయి. పడవ నడిచేది, ఈత కొట్టేది ఆ నీళ్ళలోనే. సున్నాకి పైన నీళ్ళు కావాలంటే చెరువు అనే వస్తువుని విడిగా పెట్టుకోవాలి. అది చిన్న కుంటకి బాగుంటుంది, కిలోమీటర్ల కొద్దీ పారే కాలువకి కాదు.

నదికి ఇబ్బంది లేదు. సంగమం దగ్గర వశిష్ఠ సముద్రపు పోటుపాట్లతోనే కదులుతుంది, అడుగుని సున్నా కిందికి తవ్వితే అయిపోతుంది. మురుగు కాలువలకీ ఇబ్బంది లేదు. అవి పల్లంలో పోయి సముద్రంలోకే దిగుతాయి, పోటు వేళ ఉప్పునీరు వెనక్కి ఎక్కుతుంది కూడా. రొయ్యల చెరువులకి చెరువు వస్తువే సరిపోతుంది. మిగిలింది పంట కాలువ. అది మెరక మీద పోతుంది, అలా పోవాలి కూడా. 1847లో కాటన్ దొర ధవళేశ్వరం ఆనకట్ట మొదలుపెట్టిన దగ్గర్నుంచీ ఈ డెల్టా లెక్క అదే. నీరు మెరక మీద నుంచి వచ్చి రెండు పక్కలా చేలలోకి దిగుతుంది, వాడాక పల్లంలోని మురుగు కోడులోకి పోతుంది. పంట కాలువని సున్నా కిందికి దించితే ఇంజిన్‌కి నచ్చుతుంది, కానీ మన దేశం తెలిసినవాళ్ళెవరికీ అది కాలువలా కనిపించదు.

ఈ గొడవంతా మా పెదనాన్నకి చెప్పాను. ఆయనకి కంప్యూటర్ సంగతి పట్టదు, కాలువ సంగతి ఎంతసేపైనా మాట్లాడతారు.

‘‘మీ ఆట ఏ నెల్లో జరుగుద్ది అబ్బాయ్?’’ అన్నారు.

‘‘ఏ నెలైనా పెట్టుకోవచ్చు పెదనాన్నా.’’

‘‘అయితే మే నెల పెట్టుకో. దాళ్వా కోతలైపోయి కాలువలు కట్టేసుంటారు. కాలవలో నీళ్ళే ఉండవు గదా, ఇక నీకు బాధేంటి?’’

ఆయన చెప్పిన ఆ ఒక్క మాటతో పని దారిన పడింది. ఏప్రిల్‌లో దాళ్వా, అంటే రెండో పంట వరి, చివరికొస్తుంది. మంచినీళ్ళ చెరువులు నింపుకోమని ముందే చెప్పి కాలువలు కట్టేస్తారు. పూడిక తీత, లాకుల మరమ్మతులు అన్నీ అప్పుడే జరుగుతాయి. మళ్ళీ సార్వాకి, అంటే వానాకాలం పంటకి, జూన్‌లో నీళ్ళు వదులుతారు. ఆ మధ్య రోజుల్లో కాలువ అడుగున ఎండిన ఒండ్రు, మడుగుల్లో కొంచెం నీరు, అంచుల్లో వాడిపోయిన గుర్రపుడెక్క. అడుగున బురదకి, నెర్రెలకి రెండు సర్‌ఫేస్‌లు, అక్కడక్కడా చెరువు వస్తువుతో చిన్న మడుగు పెడితే కాలువ నిజంగానే మే నెల కాలువలా ఉంది.

మే నెల ఇంకో మేలు కూడా చేసింది. ఆర్మాలో గడ్డిలాంటి చిన్న మొక్కలు దగ్గర్లోనే గీయబడతాయి, దూరం నుంచి చూసేవాడికి ఉండవు. నిండు వరిచేలో దాక్కున్నాననుకునే ఆటగాడు దూరం నుంచి బయలు నేల మీద పడుకున్నవాడిలా కనిపించే ప్రమాదం ఉంది. కోతలైన చేలో ఆ సమస్యే రాదు. దుబ్బులు, పగుళ్ళు, అక్కడక్కడా గడ్డిమేట్లు ఉంటాయి. గడ్డిమేటు పెద్ద వస్తువు కాబట్టి ఎంత దూరం నుంచైనా ఉంటుంది. అది చూపుని అడ్డుకుంటుంది, తూటాని అంతగా ఆపదు.

ఎండ కూడా లెక్కలోకి వచ్చింది. మ్యాపు కాన్ఫిగ్ (సెట్టింగుల ఫైలు)లో అక్షాంశం ఇవ్వాలి, ఉత్తరార్ధగోళానికి దాన్ని రుణ సంఖ్యగా రాయాలి. మనది సుమారు 16.4. మే మొదటి వారంలో మిట్టమధ్యాహ్నం సూర్యుడు దాదాపు సరిగ్గా నడినెత్తికి వస్తాడు. కొబ్బరిచెట్టు నీడ దాని మొదట్లోనే ముద్దగా పడుతుంది. తోటలో నీడ చాటు పనిచేసేది పొద్దున, సాయంత్రమే. మిషన్ పెట్టే గంటని బట్టి ఆట మారిపోతుంది.

ఎండలు ముదిరాక

తోటలు. ఇక్కడ ఎక్కువ కాలం ఆగిపోయాను, ఆగాల్సిన చోటే.

కొబ్బరిచెట్టు మోడల్ కోసం ఆర్మా 3 అదనపు భాగం ఎపెక్స్‌లోని తనోవా దీవి చెట్లని వాడుతున్నాను. ఆ మ్యాప్ 2016లో వచ్చింది, పసిఫిక్ దీవుల వాతావరణం. చెట్లు బాగున్నాయి, కానీ అక్కడ అవి అడవిలాగా ఉంటాయి. మన తోట వరసల్లో ఉంటుంది. చెట్టుకీ చెట్టుకీ దాదాపు ఏడున్నర మీటర్ల ఎడం. ఆ లెక్కన హెక్టారుకి 178 చెట్లు, చదరపు కిలోమీటరుకి దాదాపు 17,800. మ్యాపులో మూడో వంతు తోటలే అనుకుంటే ఆరు లక్షలు దాటుతుంది. అన్నీ నాటితే కంప్యూటర్ నిలబడదు.

చెట్లు తగ్గించడం తేలికే, ఎక్కడ తగ్గించాలన్నదే ప్రశ్న. తోట గొప్పదనం చూపులో ఉంది. వరస వెంట నిలబడి చూస్తే బోదెల మధ్య నుంచి అవతలి గట్టు దాకా కనిపిస్తుంది. వరసకి కొంచెం అడ్డంగా తిరిగితే మొదళ్ళన్నీ ఒకదాని వెనక ఒకటి చేరి గోడైపోతాయి. శత్రువు మనకి వరసలో దొరికితే మనమూ వాడికి దొరికినట్టే. ఈ అనుభవం ఉండాలంటే వరస చెడకూడదు. అందుకని దారులకీ గట్లకీ దగ్గరున్న తోటల్లో అసలు ఎడమే ఉంచాను. తోటల లోపలి భాగాల్లో మాత్రం వరసలు అలాగే ఉంచి ఒక వరస వదిలి ఒక వరస వేశాను. చెట్ల జాబితా క్యూజీఐఎస్ పాయింట్ల నుంచి స్క్రిప్టు రాస్తుంది. మోడల్ పేరు, తూర్పు, ఉత్తరం, తిరుగుడు, సైజు, అన్నీ ఒక్కో లైనులో. ఇది చేసేవాళ్ళెవరైనా ఉంటే ఒకటి గమనించండి, టెర్రైన్ బిల్డర్‌లో మ్యాపు మూల తూర్పు విలువ మామూలుగా 200000 నుంచి మొదలవుతుంది, స్క్రిప్టులో అది కలపాలి.

తోట కింద ఏముందన్నది కూడా ముఖ్యం. ఒట్టి కొబ్బరి ఉంటే చూపు వంద మీటర్లు దాటి పోతుంది. కింద అరటి వేస్తే పది అడుగుల అవతల మనిషి కనపడడు. కోకో వేస్తే నడుము పైన మూసుకుపోతుంది, కింద కాళ్ళు కనిపిస్తాయి. మన రైతులు ఆదాయం చూసుకుని వేసిన అంతరపంటలు ఆటలో మూడు రకాల యుద్ధభూములయ్యాయి. నాకు ఈ మ్యాపులో అన్నిటికన్నా ఇష్టమైన భాగం ఇది. సముద్రపు ఒడ్డు ఇసుక దిబ్బల మీద సరుగుడు తోటలు నాటాను, వాటి గురించి అంత చెప్పడానికి లేదు. సన్నటి మొదళ్ళు, దట్టమైన వరసలు, గాలికి బాగా ఊగుతాయి.

కాలువలు కట్టేశాక

బయట నిజం కాలువ ఎండింది, లోపల నా కాలువలో మొదటి పరీక్ష ఆట జరిగింది. మా బావ, అతని ఇద్దరు స్నేహితులు, నేను. మిషన్ ఇది: సముద్రం మీద నుంచి దిగిన సాయుధ దళం ఒకటి లాకులనీ రేవునీ పట్టుకుంది. ఏ దేశానికీ ఏ సంస్థకీ చెందని కల్పిత దళం. ఊళ్ళవాళ్ళని అప్పటికే ఖాళీ చేయించారు. మనం తెల్లవారేలోపు లాకులు తిరిగి చేతిలోకి తెచ్చుకోవాలి.

బావ ముందు ఏటిగట్టు మీద నుంచి వెళ్దామన్నాడు. ఎత్తు కదా, అన్నీ కనిపిస్తాయి. నిజమే, గట్టు మీద ఉన్నవాడికి అన్నీ కనిపిస్తాయి, వాడూ అందరికీ కనిపిస్తాడు. ఆకాశం ముందు నల్లగా నిలబడ్డ మనిషిని లంక నుంచి ఒకడు, తోట నుంచి ఒకడు కాల్చారు. రెండోసారి ఎండిన పంట కాలువలోకి దిగాడు. తల దాటి గట్టు, పైనుంచి ఎవరికీ అందడు, కాలువ వంపు తిరిగే చోట మాత్రమే జాగ్రత్త. అలా లాకుల దాకా వెళ్ళిపోయాడు. ‘‘ఇది కందకమే కదా బావా!’’ అని మైకులో అరిచాడు. అవును, మే నెలలో మన ఊరి చుట్టూ కిలోమీటర్ల కొద్దీ కందకాలుంటాయి. ఈ మ్యాపు నుంచి నేను కోరుకున్నది సరిగ్గా ఇదే.

కంప్యూటర్ నడిపే సైనికులకి ఇది తేలిక కాలేదు. వంతెన వస్తువుల మీద వాళ్ళ డ్రైవింగ్ అంత నమ్మకమైంది కాదు, చిన్న వంతెన కనిపిస్తే జీపుని పక్క నుంచి కాలువలోకి దించేస్తారు. నీరు లేదు కాబట్టి దీనికీ ఒక మార్గం ఉంది. చిన్న దారులన్నిటికీ వంతెనలు తీసేసి, కాలువకి అడ్డంగా నేలనే లేపి తూరలు వేసిన దారిలా చేశాను. ఇంజిన్‌కి అది మామూలు రోడ్డే, జీపులు సాఫీగా దాటుతున్నాయి. పెద్ద వంతెన ఒకటే మిగిలింది, అది లాకుల దగ్గరది. దాని మీద కంప్యూటర్ బండ్లకి పనే పెట్టలేదు.

ఇళ్ళ గురించి. మండువా లోగిలి ఒకటి 3డీ మోడళ్ళు చేసే బ్లెండర్‌లో చేస్తున్నాను. వీధి అరుగు, స్తంభాలు, లోపల నాలుగు పక్కల నుంచీ వాలిన పెంకులు, మధ్యలో ఆకాశం. ఆర్మాలో ఒక ఇల్లంటే కంటికి కనిపించే మోడల్ ఒక్కటే కాదు. గుద్దుకోడానికి ఒక ఆకారం, తూటాలకి ఒకటి, శత్రువు చూపుకి ఒకటి, కంప్యూటర్ సైనికులు నడిచే దారులకి ఇంకొకటి ఉండాలి. తూటాల ఆకారంలో ఒక్కో గోడకీ పదార్థం చెప్పాలి. ఇటుక గోడ తూటాని ఆపుతుంది, తలుపు చెక్క కొంత ఆపుతుంది, పక్కనున్న తాటాకు పాక అసలు ఆపదు. మండువాలో ఒక ప్రత్యేకత ఉంది, పైనుంచి తెరిచి ఉండడం. బయట నుంచి గోడ మీదుగా లోపలికి గ్రెనేడ్ వేయొచ్చు. ఇంట్లో ఉన్నవాడు గదుల్లో ఉండాలా మండువాలో ఉండాలా అన్నది నిజమైన ఆలోచనే అవుతుంది.

ఇక్కడ ఒక నియమం పెట్టుకున్నాను. గుడి, మసీదు, చర్చి, బడి, ఆసుపత్రి, వీటిలో శత్రువుని ఎక్కడా ఉంచను, వీటి మీద కాల్పులు జరిపితే మిషన్ పోతుంది. ఆర్మాకి 2017లో లాస్ ఆఫ్ వార్ (యుద్ధ చట్టాలు) అనే అదనపు భాగం వచ్చింది. యుద్ధంలో మామూలు జనానికి ఏమవుతుందన్న దాని మీద చేశారు, దాని ఆదాయంలో కొంత అంతర్జాతీయ రెడ్‌క్రాస్‌కి ఇచ్చారు. అది ఆడిన తర్వాత మన ఊరిని ఒట్టి గురిచూసే చోటుగా చేయడానికి నాకు మనసొప్పలేదు.

రేవులో పంటు కూడా తయారైంది. రెండు పడవల మీద పలకలు పరిచి, పక్కన మోటారు పడవ కట్టి లాగేది. కదిలే వస్తువు మీద నడవడం ఈ ఇంజిన్‌కి చేతకాదు, మనిషి జారిపోతాడు. అందుకని పంటు ఎక్కగానే మనుషుల్నీ మోటార్‌సైకిళ్ళనీ స్క్రిప్టు పలకలకి అతికిస్తుంది, అవతలి ఒడ్డున వదిలేస్తుంది. నది మధ్యలో కదలకుండా నిలబడాల్సి రావడం ఆటలో మంచి టెన్షన్ తెచ్చింది.

తొలకరి ముందు

రెండో మిషన్ మీద పని మొదలైంది. ఇందులో తుపాకులు లేవు, వరద ఉంది. 1986 ఆగస్టులో ధవళేశ్వరం దగ్గర 35 లక్షల క్యూసెక్కుల వరద వచ్చి గట్లు తెగిన సంగతి మా ఇంట్లో పెద్దవాళ్ళు ఇప్పటికీ చెప్తారు. సైన్యం పడవలతో, హెలికాప్టర్లతో జనాన్ని తీసుకురావడం కూడా సైనిక ఆటే, నా లెక్కలో.

సముద్రాన్ని పైకి లేపడం కుదరదు కాబట్టి నేలనే కిందికి దించుతున్నాను. మొత్తం ఎత్తుల ఫైలు నుంచి రెండున్నర మీటర్లు తీసేసి రెండో మ్యాపుగా కట్టాను. చేలన్నీ మునిగాయి, రోడ్లు చాలా చోట్ల మునిగాయి, ఏటిగట్టు మాత్రం నీళ్ళ మధ్య సన్నగా మిగిలింది. ఊళ్ళలో మెరక ఇళ్ళ అరుగుల దాకా నీళ్ళు. పడవలు చేల మీదుగా, కొబ్బరి వరసల మధ్య నుంచి బాగా నడుస్తున్నాయి.

ఒక్క పరిమితి ఉంది. గట్టుకి ఒక పక్క నది ఎత్తుగా, రెండో పక్క చేలు పొడిగా ఉండే స్థితిని ఈ ఇంజిన్ చూపలేదు, సున్నా కింద ఉన్నదంతా ఒకే నీరు. అందుకని కథని గండి పడ్డాక మొదలుపెడుతున్నాను, అప్పటికి రెండు పక్కలా మట్టం ఒకటే అయి ఉంటుంది. గండి దగ్గర గట్టుని నలభై మీటర్ల మేర తెంపి, అంచుల్లో ఇసుక బస్తాలు, సరుగుడు బాదులు పెట్టాను.

ప్రస్తుతం చేయాల్సినవి: మునిగిన రోడ్ల మీద కంప్యూటర్ బండ్లకి దారులు మూసేయాలి, హెలికాప్టర్ దిగడానికి గట్టు మీద మూడు చోట్ల చెట్లు తీయాలి, శాటిలైట్ బొమ్మలో చేల రంగుని బురదనీటి రంగుకి మార్చాలి. మండువా ఇంటికి దూరం నుంచి కనిపించే తేలిక మోడల్ ఇంకా కాలేదు. మే నెల మ్యాపుని పీబీఓగా (ఆర్మా చదివే ప్యాక్ ఫైలు) కట్టి బావకి పంపాను. ఈ వారం అతను లంక వైపు నుంచి దాడి చేసి చూస్తానన్నాడు.